లేని జ్వరం

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి రోజులవి. నోరుంటే చాలు, లాయరైపోవచ్చని మేముండే ఊరిగాం గని కూలీల లైన్లో అందరూ అనుకునేవాళ్లు. గనిలో పనిచేసే మా నాన్న కూడా నా నోరు చూసే లా చదివించాడు. దాన్ని ఎప్పుడు అదుపులో పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు నేను.

నల్లకోటు వేసిన రెండో ఏడు, మాలూరు కోర్టులో లక్కూరు నుంచి వచ్చిన ఒకామె కేసు పట్టాను. భర్త పోయాక ఆమె సాగు చేస్తున్న రెండెకరాల మల్బరీ తోట తనదని మరిది దావా వేశాడు. ఆమె సాక్ష్యం తప్ప మాకు వేరే బలం లేదు. అప్పటికే రెండు వాయిదాలు అయిపోయాయి. ఈసారి రాకపోతే ఇక సాక్ష్యం తీసుకోనని జడ్జిగారు తెగేసి చెప్పారు.

ఆ పొద్దున ఆమె పక్కింటాయన ఒక్కడే వచ్చాడు.

"పురుగులు పండినాయమ్మా. చంద్రికల మీద ఏసి మధ్యాహ్నానికి వస్తానన్నాది."

పండిన పట్టుపురుగుల్ని గూళ్లు కట్టడానికి ఆ పూటే వెదురు చంద్రికల మీదికి ఎక్కించకపోతే పంటంతా పోతుంది. అది నాకూ తెలుసు. అయినా ఒళ్లు మండింది. తోటే పోతుంటే పురుగులేమిటి? ఆ మాట చెప్పి వాయిదా అడిగితే కోర్టంతా నవ్వుతుందనిపించింది. కేసు పిలవగానే లేచి, "ఆమెకు జ్వరం, మంచం దిగలేకపోతోంది," అనేశాను.

మరిది లాయరు అభ్యంతరం చెబుతుండగానే ఆమె రొప్పుతూ లోపలికి వచ్చింది.

"జ్వరం తగ్గిందా?" అని అడిగారు జడ్జిగారు.

"జ్వరమా? నాకేం జ్వరం సామీ! పురుగులు ఏసేసి పరిగెత్తి వచ్చినాను."

వాయిదా కోసమే అబద్ధమాడించిన మనిషి తోట కోసం ఎన్ని ఆడదని మరిది లాయరు అందుకున్నాడు. ఆమెకున్నదల్లా తన మాట ఒక్కటే. దానికి నేనే మసి పూశాను. పక్కింటాయన అలా చెప్పాడని తప్పించుకోవచ్చు. అతను తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు.

"అబద్ధం నాది. ఆమెకు తెలియదు," అన్నాను.

జడ్జిగారు నిండు కోర్టులో నన్ను దులిపేశారు. ఎదురు చెప్పాలని నాలుక దురద పెట్టింది. పళ్ల బిగువున ఊరుకున్నాను. తర్వాత ఆమెను బోనెక్కించారు. దున్నిందెవరో, నీళ్లు కట్టిందెవరో తడబడకుండా చెప్పింది.

బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"నా మంచికే అన్నావు, తెలుసు తల్లీ. ఇంగ నీ మాటంటే నాకు భయంగా ఉండాది. నా కాగితాలు ఇచ్చేయమ్మా."

తోట ఆమెకే దక్కింది. తీర్పు రోజున ఆమె పక్కన ఇంకో లాయరు నిలబడ్డాడు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.