నీళ్లకు చెప్పిన కల

మధ్యాహ్నం నిద్ర లేచిన చిన్నపిల్లల దగ్గర ఒక వాసన ఉంటుంది. కొబ్బరినూనె, చెమట, పప్పన్నం, చాప, అన్నీ కలిసి వెచ్చగా ముక్కుకు తగిలే వాసన. మహబూబాబాద్‌లో నేను పనిచేసే అంగన్‌వాడీలో రోజూ ఆ వేళకు కిటికీ రెక్కలు తీస్తాను. బయట ఎండ తెల్లగా పరుచుకుని ఉంటుంది. డోర్నకల్ వైపు పోయే రైలు ఎక్కడో కూత వేస్తుంది. లోపల పిల్లలు ఒక్కొక్కరే కళ్లు నులుముకుంటూ లేచి, తామెక్కడున్నారో తెలియక కాసేపు ఊరికే కూర్చుంటారు. ఆ కాసేపు నాకు చాలా ఇష్టం. ఇంకా పూర్తిగా ఈ లోకంలోకి రాని ఆ మొహాలను చూస్తుంటే, వాళ్ల మధ్య చాప మీద మోకాళ్లు ముడుచుకుని, చేతిలో తాటాకు విసనకర్రతో రూతవ్వ కూర్చున్నట్టే ఉంటుంది.

రూతవ్వది ఈ దేశం కాదు. స్కాట్లండ్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. అసలు పేరు రూత్. పేద పల్లెల్లో పిల్లలకు సాయం చేయడానికి వాళ్ల చర్చి నుంచి వచ్చిన నలుగురైదుగురిలో ఆవిడే పెద్ద, అరవై దాటిన మనిషి. జనగామలో అప్పుడే డిగ్రీ ముగించి ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నన్ను, వాళ్లకు మాట సాయం చేయడానికి మా కాలేజీ మేడం కుదిర్చింది. మా నాయినకు కిరాణా దుకాణం. సంగతి విని తక్కెడ పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"వాళ్లతోని పోయి రేపు పేరు మార్చుకొనొస్తవా ఏంది?"

"పేరు మారితే మారె. జర పొద్దుగాల లేసుడు నేర్చుకొనొస్తే చాలు," అంది అమ్మ లోపలి నుంచి. అట్లా నాకు అనుమతి దొరికింది.

డోర్నకల్ స్టేషన్లో ఆవిడను మొదటిసారి చూశాను. ఉప్పూకారం అద్దిన జామకాయ కొరుకుతూ, ధారగా కారుతున్న కన్నీళ్లు చేతిరుమాలుతో తుడుచుకుంటూ బెంచీ మీద కూర్చుని ఉంది. కంగారుపడి, ఏమైందని ఇంగ్లీషులో అడిగాను. "ఏం కాలేదు, అలవాటు చేసుకుంటున్నాను," అని మళ్లీ ఒక ముక్క కొరికింది. అక్కడి నుంచి వరంగల్, ఘనపూర్, భూపాలపల్లి మీదుగా బస్సులు మారి, కాటారం దాటి, అడవి అంచున ఉన్న ఊరికి చేరేసరికి పొద్దు వాలింది. దారంతా ఆవిడ కిటికీకి తల ఆనించి పత్తి చేలను చూస్తూనే ఉంది. విచ్చిన పత్తి మీద సాయంత్రపు వెలుగు పడి, నేల మీదికి మబ్బులు దిగినట్టు ఉంది. ఈ రోజుకీ ఆ ప్రయాణం నిద్రలో చేసినట్టే గుర్తుంది నాకు.

ఊళ్లో ఆడవాళ్లు మా చుట్టూ మూగి ముందు అడిగింది దేవుడి గురించి కాదు. "పిల్లలెందరు అవ్వా?" అని. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఒక వేలు చూపించి, ఆ వేలును మెల్లగా ముడిచేసి నాతో రెండు ముక్కలు చెప్పింది. ఒక్కడే కొడుకట, నాలుగేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయాడట అని నేను తెలుగులో చెప్పాను. ఒకామె ఇంట్లోకి పోయి పీట తెచ్చి వేసింది. ఆ రోజు నుంచి ఆవిడ ఊరందరికీ రూతవ్వ అయింది.

పత్తి ఏరే రోజులు అవి. తల్లులు తెల్లారేసరికి చేలకు పోయేవాళ్లు. చంటివాళ్లు చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో ఉంటే, కాస్త ఎదిగినవాళ్లు పురుగుమందు కొట్టిన సాళ్లలోనో వాగు ఒడ్డునో తిరుగుతుండేవాళ్లు. మేము ఊరి చివర ఖాళీగా ఉన్న ఒక గోదాం అలికించి, పొద్దంతా పిల్లలను అక్కడ ఉంచుకునేవాళ్లం. వచ్చినవాళ్లలో పడుచువాళ్లు పాటలు నేర్పేవారు, బంతాట ఆడించేవారు. అన్నానికి ముందు రూతవ్వ కళ్లు మూసుకుని తనలో తాను ప్రార్థన చేసుకునేది. పిల్లలూ మూసుకునేవాళ్లు, ఒక కన్ను మాత్రం పళ్లెంలోని గుడ్డు మీద ఉంచి. అంతకు మించి మతం మాట ఆవిడ నోట నేను వినలేదు. ఆవిడ అసలు పని అన్నాల తర్వాత మొదలయ్యేది. పిల్లలను ఈతచాపల మీద వరుసగా పడుకోబెట్టి, విసనకర్రతో ఈ చివరి నుంచి ఆ చివరికి విసురుతూ తిరిగేది. గోదాం రేకుల సందుల్లోంచి ఎండ పుల్లలు పుల్లలుగా పడేది. ఆ విసురుకు నాకూ రెప్పలు బరువెక్కేవి.

లేచాక ఒక్కొక్కరి పక్కనా కూర్చుని ఒకటే ప్రశ్న, తన వచ్చీరాని తెలుగులో. "ఏం కల వచ్చె బిడ్డా?" వాళ్లు చెప్పింది నేను ఇంగ్లీషు చేసి చెప్పాలి. మేక కాటారం బస్సు ఎక్కిందట, కండక్టరు టికెట్ అడిగాడట, మేక టికెట్ తినేసిందట. ఇంకొకడు కుండెడు కోడికూర తానొక్కడే తిని, లేచాక కుండ లేదని ఏడ్చాడు. ఇంగ్లీషులో డిగ్రీ చదివింది ఈ మేక గొడవ చెప్పడానికా అని నాకు నవ్వొచ్చేది. ఎందుకివన్నీ అడుగుతారని ఒకసారి అన్నాను. "తిన్నావా అని వీళ్లను అందరూ అడుగుతారు. నిద్రలో ఎటు పోయొచ్చావని ఎవరూ అడగరు. నన్ను మా అమ్మ అడిగేది," అంది. నన్ను మా ఇంట్లో ఎవరూ అడగలేదు. దుకాణం తెరిచే ఇంట్లో కలలకు తీరికెక్కడిది? మర్నాటి నుంచి ఆవిడ నన్నూ అడగడం మొదలుపెట్టింది. నాలో కూడా ఎవరికో కావలసింది ఏదో ఉందని నాకు మొదటిసారి తెలిసింది అక్కడే.

ఆ పిల్లల్లో సమ్మక్క అనే నాలుగేళ్ల పిల్ల ఉండేది. రూతవ్వను వదిలేది కాదు. ఆ పిల్లకు తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. నాయనమ్మ ఓదెమ్మ, తాత మల్లయ్య ఇంట్లో ఉంటారు. ఒక మధ్యాహ్నం సమ్మక్క లేచి, తాత పళ్లన్నీ రాలిపోయినయని, వాటిని తాను గౌను నిండా ఏరుకున్నానని ముద్దుగా చెప్పింది. రూతవ్వ నవ్వింది. నేనూ నవ్వాను. పక్కనే బోళ్లు తోముతున్న వంటామె మాత్రం నవ్వలేదు. కలలో పన్ను ఊడితే ఇంట్లో మనిషి పోతాడని అక్కడి నమ్మకం. చెడ్డ కలను మనిషితో చెప్పనే కూడదు, చెబితే అంటుకుంటుంది. ఆ వారమే మల్లయ్య తాతకు జ్వరం పట్టింది. తగ్గకపోతే భూపాలపల్లి దవాఖానకు ఎక్కించారు.

మర్నాడు గోదాంలో ఒక్క పిల్ల లేదు. చాపలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. పడుచు వాలంటీర్లకు ఏమీ అర్థం కాక బంతి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను రూతవ్వను తీసుకుని చేల వైపు పోయాను. గట్టు మీద, తలకు తువ్వాలు చుట్టి, సమ్మక్కను కూర్చోబెట్టి ఉంది తల్లి. పక్క చేలో మందు కొడుతున్నారు. పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముక్కు కారుతోంది, ఊపిరి తీస్తుంటే గుర్రుగుర్రుమని చప్పుడు. రూతవ్వను చూడగానే లేచి రాబోయింది. తల్లి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తల వంచుకుని పత్తి ఏరుకుంటూ ముందుకు పోయింది.

"వీళ్లకు శాస్త్రం ప్రకారం వివరించి చెబుదామా?" అన్నాను తిరిగి వస్తూ.

"కల అడిగింది నేను. ఎట్లా అడగాలో తెలుసుకోకుండా అడిగాను. వివరించాల్సింది వాళ్లు, నేను కాదు," అంది రూతవ్వ. నేరుగా ఓదెమ్మ ఇంటికి నడిచింది.

ఓదెమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. రూతవ్వ చెప్పులు విప్పి ఎదురుగా నేల మీద కూర్చుంది. "తప్పు నాది అవ్వా. ఏం చేయాలో చెప్పు," అన్న మాటను నేను తెలుగు చేశాను. ఓదెమ్మ చాలాసేపు చేట చెరుగుతూనే ఉంది.

"కల మనిషికి జెప్పొద్దు. నీళ్లకు జెప్పాలె. పారే నీళ్లయితే పట్టుకపోతయ్," అంది చివరికి. తర్వాత చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఇంకోటి అడుగు బిడ్డా. దినాం మా పోరగాండ్ల కలలు అడిగి తీసుకుంటది గదా. తన కల ఒక్కనాడన్న వాళ్లకు జెప్పిందా? అడిగెటోళ్లు ముందుగాల తమది జెప్పుకోవాలె. రేపు పొద్దుగాల వాగుకు రమ్మను. ఆమె జెప్పినంక మా పోరిని తోలుతా. లేకుంటే తోల."

నేను ఇంగ్లీషు చేస్తుంటే రూతవ్వ మొహంలో రంగు తగ్గిపోవడం చూశాను. సరేనని తలూపింది కానీ, ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారి వాగు దగ్గర పొగమంచు. నీళ్లు ఎక్కడున్నాయో చప్పుడును బట్టి తెలుసుకోవలసిందే. చేలకు పోయే ఆడవాళ్లు సద్దిమూటలతో ఒడ్డున నిలబడ్డారు. ఓదెమ్మ చంకలో సమ్మక్క సగం నిద్రలో ఉంది. రూతవ్వ చెప్పులు విప్పి పాదాలు మునిగేదాకా దిగి, నీళ్ల వైపు వంగి నిలబడింది. ఎంతసేపటికీ మాట రాలేదు. పిట్టలు లేచాయి. అవతలి ఒడ్డున పశువుల గంటలు దాటిపోయాయి. ఇక వెనక్కి వస్తుందనే అనుకున్నాను. వస్తే రేపటి నుంచి ఆ పిల్లలంతా మందు చేలలోనే, ఆ ఎండలోనే. సమ్మక్క దగ్గుతోంది. ఆ దగ్గు విని కాబోలు, ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇంగ్లీషులో, చాలా మెల్లగా, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు చెప్పింది. అక్కడున్నవాళ్లలో ఆ భాష నాకొక్కదానికే వచ్చు. చెవులు మూసుకుంటే బాగుండునని అనిపించింది. మధ్యలో ఒక్క తెలుగు మాట వచ్చింది, పిల్లల దగ్గర నేర్చుకున్నది. "బువ్వ." అది అందరికీ వినబడింది. పోయిన కొడుకు పేరు, దాని పక్కనే ఆ మాట. ఒడ్డున ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తక్కిందంతా వాగు పట్టుకుపోయింది.

రూతవ్వ ఒడ్డెక్కింది. నడుము వంగి, ఒక్కసారిగా పదేళ్లు పైబడినట్టు ఉంది. ఓదెమ్మ నా దగ్గరికి వచ్చి చిన్నగా అడిగింది.

"ఏమన్నదే?"

"నీళ్లకు జెప్పింది అవ్వా. మనిషికి జెప్పొద్దంటివి గదా."

ఓదెమ్మ చంకలోని సమ్మక్కను తీసి రూతవ్వ చేతుల్లో పెట్టింది. "పోరి రాత్రి సుత నిద్రపోలె. తీసుకపోయి పండవెట్టు," అంది. రూతవ్వకు ఆ మాట నేను ఇంగ్లీషు చేయాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత మధ్యాహ్నం పూట గోదాం గుమ్మంలో ఒక బిందె నీళ్లు పెట్టేవాళ్లం. పిల్లలు లేచి వరుసగా వచ్చి బిందెలోకి వంగి కలలు చెప్పేవాళ్లు. అందరికంటే ముందు రూతవ్వ చెప్పాలి. తర్వాత నేను. సాయంత్రం ఆ నీళ్లు వాగులో పోసి వచ్చేవాళ్లం. మల్లయ్య తాత బస్సు దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చి, పళ్లు ఉన్నాయో లేవో చూడమని సమ్మక్కకు నోరు తెరిచి చూపించాడు. ఎండకాలం దాటాక ఎప్పుడో పోయాడని తర్వాత విన్నాను. అప్పుడు ఆ కల మాట ఎవరూ ఎత్తలేదట. పత్తి అయిపోయాక వాళ్ల గుంపు వెళ్లిపోయింది. డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద రూతవ్వ నా చేతిలో విసనకర్ర పెట్టి, "నువ్వు ఆ రోజు విన్నావని నాకు తెలుసు," అంది. విన్నానన్నాను. జనగామ వచ్చాక ఏం నేర్చుకొనొచ్చినవని అమ్మ అడిగితే, పిల్లలను పడుకోబెట్టడం అన్నాను. నాయిన నవ్వాడు. నేను మాత్రం ఆ పనే వెతుక్కున్నాను.

పోయిన నెల, ఆ గుంపులో వచ్చిన ఒక అమ్మాయి ఫోన్ చేసి, రూతవ్వ నిద్రలోనే వెళ్లిపోయిందని చెప్పింది. నిద్రలోనే అన్న మాట పట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను. దిగులుగానే ఉంది. ఆవిడ వాగుకు చెప్పిన కల ఈ భూమి మీద ఇంక నా ఒక్కదాని దగ్గరే ఉంది. మా అమ్మకు చెప్పలేదు, పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. ఇక్కడా రాయను.

మా అంగన్‌వాడీ గుమ్మంలో ప్లాస్టిక్ బకెట్ ఉంటుంది. తనిఖీకి వచ్చే మేడం ఇదేమిటని అడిగితే, చేతులు కడగడానికి అని చెబుతాను. అదీ నిజమే. ఇవాళ మధ్యాహ్నం పిల్లలు లేచి, నా చుట్టూ చేరి, ముందు నువ్వు, ముందు నువ్వు అని కొంగు లాగారు. తెల్లవారుజామున నాకూ ఒక కల వచ్చింది. అందులో రూతవ్వ మా వంటింటి గుమ్మంలో కంచం పట్టుకుని నిలబడి ఉంది. నేను బకెట్ మీదికి వంగి మెల్లగా చెప్పుకున్నాను. ఎంత మెల్లగా చెప్పినా బువ్వ అన్న ఒక్క మాట పైకి వినబడినట్టుంది.

"టీచర్‌కు ఆకలైతాందిరా," అన్నాడొక బుడ్డోడు పక్కవాడితో. నిక్కరు జేబులో చెయ్యి పెట్టి, మధ్యాహ్నం తినకుండా దాచుకున్న సగం గుడ్డు తీసి నా అరచేతిలో పెట్టాడు. "తిను టీచర్." దానికి జేబులోని దుమ్మంతా అంటుకుని ఉంది. వాడు చూస్తుండగానే తిన్నాను.