ఖుర్రం భాయ్ కొండలు

"పోయే బస్సు కాదన్నా, వాపసొచ్చే ఆఖరి బస్సు ఎన్నిటికి?"

"ఎక్కకముందే వాపసు ముచ్చటేందయ్యా!"

శంషాబాద్ బస్టాండులో కండక్టరుతో ఖుర్రం భాయ్ గొడవ ప్రతి మంగళవారమూ ఇదే. విమానాశ్రయంలో ట్రాలీలు తోస్తాడు. వారానికి ఒక్కరోజే సెలవు, ఆ రోజు కొండలెక్కడం ఇతని సరదా, మర్నాడు పొద్దున్నే డ్యూటీ. సొంత బండి లేదు. అందుకే కొండను ఎత్తు చూసి ఎంచుకోడు, పైనుంచి రోడ్డు కనబడితేనే ఎక్కుతాడు. ఎక్కాక అడవికి వీపు పెట్టి, రోడ్డు వైపే చూస్తూ డబ్బాలో అన్నం తింటాడు. మొన్న అనంతగిరిలో ఆఖరి బస్సు కనబడగానే ఆపమని ఎర్ర తువ్వాలు ఊపుతూ దిగాడు. ఎవరో ఆపదలో ఉన్నారనుకుని డ్రైవరుతో సహా అందరూ కొండెక్కారు. సగం దారిలో ఎదురైన ఇతని చేతిలో టిఫిన్ డబ్బా చూసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు.

"ఇంకోసారి ఆపరు తమ్మీ. బస్సు పోతే నౌకరీ పోతది," అన్నాడు పక్కింట్లో ఉండే నాతో. "వచ్చే మంగళవారం జర నువ్వు రా. కొండ ఎక్కుడేం వద్దు. కింద బస్సుకు అడ్డం నిలబడు, చాలు."