రిట్ అంటే రైటే అనుకున్నాను

ఆ రోజుల్లో నాకు తెలిసిన వేగాలు రెండే. రైట్ అంటే బయల్దేరడం, హోల్డాన్ అంటే ఆగడం. సిటీ బస్సు కండక్టరు కూతుర్ని కదా, మా ఇంట్లో అన్నానికి లేవమనడానికి కూడా నాన్న "రైట్ రైట్" అనేవారు. ఈ రెంటికీ మధ్య కొంచెం కొంచెంగా నెమ్మదించడమనేది ఒకటుందని, అది రాకపోతే నిండు సభలో పరువు పోతుందని నాకు ఇరవై రెండో ఏట గాని తెలియలేదు.

అప్పుడే మధురవాడలో ఓ ఐటీ ఆఫీసులో చేరాను. ఆ వెనక వీధిలోనే చెల్లో నేర్పే మాస్టారు ఉండేవారు. (చెల్లో అంటే కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ అనుకోండి. మొదటిసారి చూసి మా అమ్మ "ఇదేటే, బీరువానా?" అంది.) నాకు సొంతది లేదు. మాస్టారే తన దగ్గరున్నవాటిలో ఒకటి ఇంటికి పట్టుకెళ్లనిచ్చారు. అయితే మా నలుగురు శిష్యుల ప్రోగ్రాం దగ్గరపడ్డాక ఓ మెలిక పెట్టారు. వేగం ఎక్కడ మారినా నలుగురూ కలిసి మారాలి, ఆగినా కలిసే ఆగాలి, తప్పినవాళ్ల చెల్లో వెనక్కి తీసుకుని ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు. ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. ఆ బీరువా అంటే నాకు అప్పటికే ప్రాణం.

ఖర్మకాలి, చివరి రిహార్సల్ రోజున ఆఫీసులో చిక్కుకుపోయాను. మాస్టారు మార్పులు రాసిన కాగితం ఫొటో తీసి పంపారు. ఆఖరి వరుస మీద పెన్సిలుతో ఆర్, ఐ, టి, పక్కన చుక్క. పాపం తొందరలో రైట్ అని పూర్తిగా రాయలేదనుకున్నాను. ఆఖర్న రైట్ అంటే ఇంకేముంది? డిపో దగ్గరపడ్డాక ఖాళీ బస్సుని డ్రైవర్లు ఎంత జోరుగా తోలతారో నాకు తెలీదా? ఇంట్లో అలాగే సాధన చేశాను. నాన్న తలుపు దగ్గర నిలబడి విని, భలే లాగించెస్తన్నావమ్మా అని మురిసిపోయారు.

ప్రోగ్రాంలో మాస్టారు ముందు వరుసలో కూర్చున్నారు. చెయ్యి ఊపనని, ఒకరినొకరు విని వాయించుకోమని ముందే చెప్పారు. అంతా బాగానే సాగింది. ఆఖరి వరుస వచ్చింది. వాళ్లు ముగ్గురూ నెమ్మదించారు. నేను రైట్ అనుకుని వేగం అందుకున్నాను. ఒక్క క్షణం బిత్తరపోయి, ఒకరినొకరు వినమన్నారు కదా అని ఆ ముగ్గురూ నా వెనక పరుగు లంకించుకున్నారు. ఓహో, అందరూ కలిశారని సంబరపడి నేను ఇంకా తొక్కాను. అప్పుడు కనిపించారు మాస్టారు. నోరు తెరుచుకుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నారు. ఏదో ఘోరం చేశానని అర్థమైంది గాని ఏం చేశానో అర్థం కాలేదు, చెయ్యేమో ఆగదు. సింహాచలం కొండ దిగుతూ బ్రేకులు పోయిన బస్సైపోయాం నలుగురమూ.

"హోల్డాన్!"

హాలు చివర్నించి వచ్చింది ఆ కేక. డ్యూటీ నుంచి నేరుగా ఖాకీ బట్టలతో వచ్చిన నాన్న. తీగల మీద నాలుగు కమాన్లూ ఒక్కసారే ఆగిపోయాయి. బయటికి వెళ్లబోతున్న ఒకాయన కూడా గుమ్మంలో ఆగిపోయాడు. తర్వాత, అదే ముగింపనుకుని, జనం చప్పట్లు కొట్టారు.

నేను చెల్లో తీసుకెళ్లి మాస్టారి ముందు పెట్టి, రిట్ అంటే ఏమనుకున్నానో చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. అది ఇటాలియన్ మాటని, మెల్లమెల్లగా తగ్గించమని దానర్థమనీ నీరసంగా చెప్పారు. పక్కనున్న నాన్న నిజంగానే కంగారుపడ్డారు.

"మెల్లగా ఎల్లమనడానికి రైటని రాత్తారేటండీ? పేసింజర్లు పడిపోరా?"

మాస్టారు ఆయన వైపు తిరిగారు. "మూణ్ణెల్లుగా వీళ్ల నలుగురినీ ఒక్కసారి ఆపడం నా వల్ల కాలేదండీ," అని, చెల్లో నా వైపు జరిపారు. "పట్టుకెళ్లమ్మా. వేగం కలిసే మారింది, ఆగడమూ కలిసే ఆగారు. మాటంటే మాటే."

ఇప్పుడు నాన్న రిటైరయ్యారు. సాయంత్రాలు రుషికొండ బీచిలో నడుస్తాం. మాటల్లో పడి నేను ముందుకెళ్లిపోతుంటాను. వెనక నుంచి "హోల్డాన్" అంటారు. ఆ గొంతు ఇప్పుడు పది అడుగులు దాటి వినబడదు. నేను టక్కున ఆగను, ఆగితే తను నడవలేకపోతున్నారని జాలిపడి ఆగానని చిన్నబుచ్చుకుంటారు. ఒక్కో అడుగూ కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, ఆయనకి తెలియకుండా పక్కకి వచ్చేస్తాను. ఆనాటి ఆ దూకుడు పిల్ల ఇది చూస్తే ఎంత ఆశ్చర్యపోతుందో అని నవ్వొస్తుంది.