ముందరి అర్రలో మిల్లింగ్ మిషన్

బావ పోయాడని అక్క ట్రంకాల్ చేసింది. నేను పనిచేసే కరీంనగర్ ఎక్స్ఛేంజీకే వచ్చింది ఆ కాల్. పక్క బోర్డు మీదున్న అమ్మాయి అందుకుని, సంగతి తెలియక, "వరంగల్ లైన్లో ఉంది, మాట్లాడండి మేడం" అని మామూలుగా కలిపింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతమంది చావు కబుర్లో నా చేతుల మీదుగా అటూ ఇటూ వెళ్లాయి. మధ్యలో మూడు నిమిషాల టైమైందని చెప్పడం కూడా నాకు అలవాటే. ఆ రోజు అక్క ఆ అవసరం రానివ్వలేదు. "మీ బావ పోయిండే. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. గంతే, మల్ల లేవలే," అని ఫోను పెట్టేసింది.

పేపర్లో ఫోటో వేసేంత మనిషి కాదు మా బావ. నర్సంపేట, పరకాల, తొర్రూరు వైపు రైస్ మిల్లుల వాళ్లకు మాత్రం బాగా తెలుసు. మిల్లులో ఏ ఇనుప ముక్క విరిగినా హైదరాబాదుకు పరుగెత్తకుండా వరంగల్ మట్టెవాడలో మా అక్కావాళ్ల ఇంటికి వచ్చేవారు. ఆ ఇంటి ముందరి అర్రే, అంటే వీధి వైపు గదే, ఆయన కార్ఖానా. చెప్పులు విడిచే చోటు నుంచి మిషన్ దాకా నాలుగడుగులు కూడా ఉండవు.

నాకు వరంగల్ ఎక్స్ఛేంజీలో మొదటి పోస్టింగు వచ్చినప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. అవి డెబ్బైల నాటి రోజులు. ఆయన్ని ఆటపట్టించే హక్కు అక్క పెళ్లితోనే నాకు వచ్చింది కనుక దాన్ని ధారాళంగా వాడుకున్నాను. ఆయన అప్పట్లో ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఇనుము కోసే మిల్లింగ్ పనివాడు. మంచి ఉద్యోగం. ఒకరోజు వచ్చి, మానేశానని, ఇంట్లోనే సొంత మిషన్ పెడతానని అన్నాడు.

"దినాం ఒక్కటే ముక్క. దాన్ని పెట్టుడు, కోసుడు, తీసుడు. అది యాడికి పోతదో, దేనికి తగుల్తదో నాకెరుక లేదు. ఒక్క సామానన్న మొదలుకెల్లి ఆఖరుదాంక నా చేతుల కెల్లి ఎల్లాలె," అన్నాడు.

అక్క వద్దనలేదు. ఒక గడువు పెట్టింది. దసరా దాకా చూద్దాం, అప్పటికీ పని నిలబడకపోతే మిషన్ అమ్మేసి, హైదరాబాదులో ఆయన పాత సూపర్వైజరు రమ్మంటున్న ఫ్యాక్టరీలో చేరాలి. ఇల్లు కిరాయికిచ్చి ఇద్దరూ పోవాలి. బావ సరేనన్నాడు. సరేనన్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. చేదు మందు మింగే పిల్లవాడు అమ్మ చూస్తోందని ధైర్యం నటిస్తాడే, అలా ఉంది.

మిషన్ హైదరాబాదు నుంచి లారీలో వచ్చింది. ఎవరో వాడి వదిలేసిన పాతది. దర్వాజలో పట్టకపోతే చౌకట్టు ఊడదీసి, కింద ఇనుప గొట్టాలు పరిచి, వాటి మీద దొర్లిస్తూ వాడంతా కలిసి లోపలికి తోశారు. "పెండ్లినాడు నన్ను తోలుకరానికి గూడ గింతమంది రాలే," అంది అక్క.

మిషన్ వచ్చింది కదా, ఇక కోయడమే అనుకున్నాను. బావ చాలా రోజుల దాకా ఏదీ కొయ్యలేదు. ముందు నేల తవ్వి కాంక్రీటు పోశాడు. అది గట్టిపడేదాకా మమ్మల్ని ఆ పక్కన గట్టిగా నడవనివ్వలేదు. మేస్త్రీ దగ్గర లెవల్ అడిగి తెచ్చి మిషన్‌ను అటోసారి ఇటోసారి సరిచూశాడు. ఇంటికొచ్చే కరెంటుతో దాని అసలు మోటారు తిరగదు కనుక, పిండిగిర్నీ మోటారు ఒకటి పట్టుకొచ్చి బెల్టుతో కలిపాడు. అది మొదలుకాగానే మా ఇంట్లో బల్బు గుడ్డిదయ్యేది. పక్కింటామె కేక వేసేది. కోసేటప్పుడు వేడెక్కకుండా కట్టరు మీద సోపాయిల్ నీళ్లు పడాలి. దానికి దవాఖాన నుంచి ఖాళీ సెలైన్ సీసా తెచ్చి మేకుకు తగిలించి, సన్నటి గొట్టంతో చుక్కలు చుక్కలుగా వదిలాడు. ఇనుముకు గ్లూకోజు ఎక్కిస్తున్నారా అని వచ్చినవాళ్లంతా అడిగేవారు. ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు.

డ్యూటీ లేనప్పుడు నేనూ వెళ్లి నిలబడేదాన్ని. "కొంగు నడుముకు చెక్కు. జడ ముడేసుకో. గప్పుడు రా," అనేవాడు. మిల్లింగంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే. లేతు మిషన్లో ముక్క తిరుగుతుంది, పనిముట్టు కదలదు. ఇక్కడ పళ్లున్న చక్రంలాంటి కట్టరు తిరుగుతుంటుంది, ముక్కను బల్ల మీద బిగించి దాని కిందికి మెల్లగా పంపాలి. ఒకరోజు హ్యాండిల్ నా చేతికిచ్చాడు.

"కట్టరు తిరిగే దానికి ఎదురు పంపాలె ముక్కను. దాని వెంట పంపినవనుకో, గుంజుకపోతది. నీ చేతుల ఉండదు."

"జీవితం కూడా అంతేనా బావా?" అన్నాను, ఆయన నోట ఏదైనా పెద్దమాట వస్తుందేమోనని.

"గది నాకేం ఎరుక? నేను కట్టరు ముచ్చట చెప్తాన. నువ్వు ముక్క మీద నదరుంచు."

మిషన్‌తో పని మొదలుపెట్టిన రోజు ముహూర్తం అక్కే అడిగి తెచ్చింది. మిషన్ బల్లను కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అక్షింతలు చల్లింది. కొబ్బరికాయ కొట్టింది. ముక్కను పట్టుకునే వైసు, అంటే ఆ బరువైన బిగింపు, ఇంకా కిందే ఉంది. ముహూర్తం దాటిపోతోందని అక్క తొందరపెట్టింది. బావ వైసును ఎత్తి బల్ల మీద పెట్టి, దండం పెట్టుకుని బోల్టులు బిగించాడు. అందరం బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాం.

మొదటి పని నర్సంపేట రైస్ మిల్లు నుంచి వచ్చింది. తిరిగే షాఫ్టును మోసే ఇనుప దిమ్మెలు జత కావాలి, రెండూ ఒకే ఎత్తులో, చదునుగా. బావ కోశాడు. అద్దంలా మెరిశాయి. మిల్లు సేటు తీసుకుపోయి బిగిస్తే షాఫ్టు పట్టేసింది, వేడెక్కింది. దిమ్మెలు వెనక్కి వచ్చాయి. సేటు మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది బావను.

ఎవరి దగ్గరో మైక్రోమీటరు అడిగి తెచ్చి కొలిస్తే, దిమ్మె ఒక అంచు వెంట్రుకవాసి పల్చగా ఉంది. ఇంకో జత కోశాడు. అదీ అంతే. కట్టరు మార్చాడు, బెల్టు సవరించాడు, బల్ల జారే పట్టాల అరుగుదల చూశాడు. వైసుకు పైన ఉన్నవన్నీ విప్పి చూశాడు కానీ, ముహూర్తానికి బిగించిన వైసును మాత్రం కదపలేదు. చివరికి మిషనే అరిగిపోయిందన్నాడు. తిండి తగ్గింది. అక్కతో మాట్లాడటం కూడా తగ్గింది. దసరా దగ్గరపడింది. మిషన్ కొనడానికి ఒకాయనను మాట్లాడారు.

ఆయన వస్తానన్న రోజుకు ముందురోజు అక్క బకెట్, గుడ్డలు తెచ్చింది.

"పోయేదాన్ని గిట్ల మురికితోని తోలద్దు. గా వైసు తియ్యి, జర కింద తుడుస్త."

బావ బోల్టులు విప్పి వైసు ఎత్తాడు. బల్ల మీద ఒక మూల పసుపు ముద్ద ఎండి అంటుకుపోయి ఉంది. అందులో బియ్యం గింజలు నలిగి, బిళ్లలై, వైసును ఆ మూల వెంట్రుకవాసి పైకి లేపేలా ఇనుముకు కరుచుకుని ఉన్నాయి.

 అక్క వంగి ఒక గింజను గోటితో గీకింది. "గివి నేనేసిన అక్షింతలే గదా," అంది.

"నువ్వేసినవ్. తుడవకుంట బిగించింది నేను," అన్నాడు బావ. "ఫ్యాక్టరీల ఎవడన్న గిట్ల బిగిస్తే చెవులు పిండేటోన్ని. పసుపాయె, ముహూర్తమాయె, ఎట్ల తుడుద్దు అనుకున్న."

"నేను తొందర జెయ్యకపోతే..."

"ఊకో. నీ దేవుడు మంచిగనే దీవించిండు. నేనే దీవెన మీద ఇనుము పెట్టిన," అని నవ్వడం మొదలుపెట్టాడు. ఎన్నో వారాల తర్వాత నవ్వాడు. అక్క ముందు ఏడ్చింది, తర్వాత తనూ నవ్వింది. మర్నాడు మిషన్ కోసం వచ్చినాయనకు చాయ్ ఇచ్చి, కొన్నాళ్లు ఆగమని చెప్పి పంపారు.

ఆ తర్వాత బావకొక అలవాటు పట్టుకుంది. ఏది బిగించే ముందైనా గుడ్డతో తుడిచి, ఆ పైన ఒట్టి అరచేత్తో బల్లంతా ఒకసారి నిమిరేవాడు. కంటికి కనపడని రవ్వ చేతికి తెలుస్తుందట. పని నేర్చుకోవడానికి వచ్చిన ఎవరికైనా ఆయన చెప్పే మొదటి మాట ఇదే: "దండం పెట్టు, గని తుడిచి పెట్టు." దసరాకు అక్క బొట్లు మోటారు డబ్బా మీదికి మారాయి.

ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఆ రోజు ఆ తప్పును అక్క నెత్తిన వేయడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన నోటి నుంచి అప్పుడూ రాలేదు, ఆ తర్వాత కోపంలో కూడా రాలేదు. చాలా ఇళ్లలో ఆ ఒక్క మాట మీద ఏళ్లు గడుస్తాయి. ఫోన్ల మధ్య కూర్చుని నేను విన్నవి తక్కువేం కాదు.

బల్ల తుడిచి కోసిన మూడో జత దిమ్మెలను గోనెసంచిలో వేసుకుని ఆయనే స్వయంగా నర్సంపేట బస్సెక్కాడు. పొద్దంతా అక్క ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. సాయంత్రం ఆయన వచ్చాడు. మేం ముఖం చూశాం, ఏమీ తెలియలేదు. కాళ్లూ చేతులూ కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అక్క అన్నం వడ్డించింది. 

రెండు ముద్దలు తిన్నాక తలెత్తకుండా అన్నాడు. "ముందటర్ర తూర్పు గోడకు ఒక కిటికి కొట్టాలె. మిషన్ కాడ ఎలుతురు సాల్తలేదు."

అక్క గరిటె గిన్నెలో పెట్టింది. "హైదరాబాద్ పోయేటోళ్లకు కిటికెందుకయ్యా?" అంది.

"ఎవలు పోతాండ్లు?" అన్నాడు బావ, పప్పు కలుపుకుంటూ.

మర్నాడు పొద్దున్నే ఆయనే గునపం పట్టుకుని మట్టిగోడ తవ్వడం మొదలుపెట్టాడు. మిషన్ మీద పెళ్లలు పడకుండా అక్క గోనెపట్టా పట్టుకుని కింద నిలబడింది. కాసేపటికి గోడకు పిడికిలంత బొక్క పడింది. సందులోంచి ఎండ సూటిగా వచ్చి అక్క ముఖం మీద పడింది. ఆమె కళ్లు మూసుకుంది కానీ, పక్కకు జరగలేదు.