మాస్టారి ఇంట్లోవాళ్ళు

మాస్టారు పోయారని మా క్లాసు వాట్సాప్ గ్రూపులో చదివాను. ఏడుపు కంటే ముందు భయమేసింది. ఆయన ఇంట్లోవాళ్ళ గతేమిటని.

నేను ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, ఆసుపత్రి నర్సుని. దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు కట్టిన మా నలుగురికీ, అల్ నహ్దా పేటలో ఒక స్నేహితురాలి ఫ్లాటులో, మాస్టారు అమెరికన్ నాటకాలు చెప్పేవారు. తాను పనిచేసే స్కూలు నుంచి టిఫిన్ క్యారియర్‌తో నేరుగా వచ్చేవారు.

“మా ఇంట్లోవాళ్ళకి ఉప్పు వెయ్యడం రాదమ్మా. మీరే తిని చెప్పండి” అంటూ పులిహోర మా ముందుకు తోసేవారు. మేడమ్‌గారిని ఎప్పుడు చూపిస్తారంటే, “వాళ్ళకి సిగ్గు” అని నవ్వేవారు.

మగవాణ్ణి ప్రేమించిన మగవాడు నాటకంలోకి వస్తే మాత్రం లేచి కిటికీ మూసేవారు. గొంతు తగ్గిపోయేది.

“పాత నాటకాల్లో తెర లేచేసరికే ఇలాంటివాణ్ణి చంపేసేవాళ్ళమ్మా. అందరూ వాడి గురించే మాట్లాడతారు, వాడికి ఒక్క మాటుండదు. తర్వాత లోపలికి రానిచ్చారు గానీ గుమ్మం దగ్గరే నిలబెట్టారు.”

ఒకసారి అలా చావింట్లో దూరంగా నిలబడ్డ మనిషి సన్నివేశం వచ్చింది. “ఈయన ఎవరి కోసం ఏడుస్తున్నాడు మాస్టారూ?” అన్నాను.

“వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం.”

ఆ మాట అని నా వంక చూశారు. క్యారియర్ మూత సరిగా పడలేదు. ఇంట్లోవాళ్ళంటే ఆడో మగో చెప్పక్కర్లేదని అప్పుడు తట్టింది. తెలుగు ఆయన్ని అన్నేళ్ళు దాచిపెట్టింది. ఆ రోజు నుంచి నా నోరంటే నాకే భయం. ఇక్కడ ఒక్క మాట జారితే ఉద్యోగమే కాదు, మనిషే కటకటాల పాలవుతాడు. మాస్టారి ఇంట్లోవాళ్ళు ఈ దేశం దాటాకే ఇది రాస్తున్నాను.

శవపేటికను ఊరికి పంపేముందు కడసారి చూపుకి మార్చురీకి వెళ్ళాం. బయట అందరూ మాస్టారి గురించే మాట్లాడుకుంటున్నారు. గుమ్మం దగ్గర ఒక బక్కపలచని మనిషి, చేతిలో ఆ క్యారియర్.

“మీరేమవుతారండీ?” అని మావాళ్ళెవరో అడిగారు.

“రూమ్మేటునండీ.”

లోపలికి కుటుంబంవాళ్ళే రావాలని అక్కడి ఉద్యోగి చెయ్యి అడ్డుపెట్టాడు. “ఫ్యామిలీవాలే అందర్. బాకీ సబ్ బాహర్.”

ఆయన వెనక్కి తిరిగారు. పక్కన మా క్లాసువాళ్ళున్నారు. అయినా ‘ఇంట్లోవాళ్ళు’ అనే మాస్టారి మాటే నా నోట హిందీలో వచ్చేసింది.

“ఘర్‌వాలే హై, భాయ్.”

అతను నన్నూ, ఆయన్నీ చూశాడు.

“యల్లా, జల్దీ” అని తొందరపెడుతూ చెయ్యి తీసి మా ఇద్దరినీ పోనిచ్చాడు.

ఆయన క్యారియర్ అక్కడే దించి లోపలికి వెళ్ళి మాస్టారి కాలరు సరిచేశారు. బయటున్న ఎవరికీ కనపడకుండా నేను ఆయన వెనక అడ్డంగా నిలబడ్డాను. గుమ్మం దగ్గర క్యారియర్ ఒక్కటే ఉంది.