గీతకు ముందు సందు

ఆఫీసులో అందరూ ఆయన్ని ‘ప్రూఫు బావ’ అనేవారు. నిజానికి ఆయన బావ అయ్యేది ఒక్క టీమ్ లీడర్‌కే. అక్క మొగుణ్ని తెచ్చి ఉద్యోగంలో పెట్టినందుకు టీమ్ లీడర్‌ని ఏడిపించాలంటే ఈయన్ని బావా అని పిలిస్తే చాలు. పిచ్చి మారాజు, పిలిచినప్పుడల్లా నవ్వుతూ పలికేవాడు. ఆ నవ్వు చూసి బావమరిదికి ఒళ్లు మండేది.

అంతకుముందు ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ప్రెస్ మూతపడింది. యాభైకి దగ్గరపడ్డ మనిషికి కొత్తగా పనెవడిస్తాడు? భార్య తమ్ముడి ప్రాణం తోడేసి ఇక్కడ వేయించింది. వెబ్‌సైట్‌లో తప్పులు దిద్దడం పని. అది బాగానే చేసేవాడు. దిద్దిన ఫైళ్లను గిట్‌లోకి, అంటే టీమంతా చేసిన మార్పులు భద్రపరిచే చోటికి, ఎక్కించడం దగ్గరే వచ్చింది చిక్కంతా. అక్కడ మౌస్ ముట్టుకోకూడదని బావమరిది శాసనం. నల్లటి తెర మీద మారిన ఫైళ్లు అంకెలతో వరసగా వస్తాయి. అంకె కొడితే ఆ ఫైలు పక్కన నక్షత్రం పడుతుంది. అంకెకు ముందు అడ్డగీత కొడితే నక్షత్రం పోతుంది. రెండంకెల మధ్య గీత పెడితే మాత్రం ఇక్కణ్నుంచి అక్కడిదాకా అన్నీ వచ్చేస్తాయి. చివర్లో ఉత్త ఎంటర్ కొడితే ఖాయం.

ఉద్యోగం పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అని తేల్చే రోజు వచ్చింది. మీటింగ్ గదిలో పెద్ద తెర, మేనేజరు, టీమంతా. అందరూ వాడే అక్కడి కంప్యూటర్లో తలా సగం పని చేసి వదిలేసి ఉన్నారు. ఆయన దిద్దిన ఫైలు మూడోది. అదొక్కటే ఎక్కించాలి.

కంగారులో మూడుకు బదులు ఏడు కొట్టాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఫర్వాలేదు, మూడు కొట్టి, ఒక ఖాళీ వదిలి, గీత, ఏడు కొడితే మూడు వచ్చి ఏడు పోయేది. కానీ గీతకు ముందు ఖాళీ వదలడమా! జీవితమంతా అలాంటి సందుల్ని ఎర్ర సిరాతో మూసిన చెయ్యది. ఆయనకు తెలియకుండానే సందు మింగేసి 3-7 కొట్టింది.

మూడు నుంచి ఏడు దాకా నక్షత్రాలు బారుగా పడ్డాయి. ఆయన చూపు కీబోర్డు మీద ఉంది. మిగతా అందరి చూపూ తెర మీదే. అందులో అయిదోది డబ్బు కట్టే పేజీ, సగం విప్పి పడేసి ఉంది. ఒక్కరూ నోరు మెదపలేదు. తేరగా దొరికిన తమాషా ఎవరు పాడుచేసుకుంటారు?

“కరెక్టేనా, ఓసారి చూడు,” అన్నాడాయన బావమరిది వైపు తిరిగి.

“బ్రహ్మాండంగా ఉంది బావా. ఎంటర్ కొట్టు.”

కొట్టాడు. సర్వర్‌కీ పంపాడు. కాసేపటికే పక్కగదిలో ఫోన్లు గోల పెట్టాయి, డబ్బు కట్టే పేజీ తెల్లగా వస్తోందని.

“ఈయన్ని ఎవరు తెచ్చారయ్యా?” అన్నాడు మేనేజరు.

“నేనే సార్. సొంతమనిషని మొహమాటపడ్డాను. ఇక మీ ఇష్టం.”

సాయంత్రం సంచీ సర్దుకుంటూ ప్రూఫు బావ బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. “నువ్వు సరిగ్గానే చూశావు. తర్వాత నేనే ఎక్కడో తప్పు నొక్కి ఉంటాను. నీకు మాట తెచ్చాను, ఏమనుకోకు.”

“పోనీలే బావా,” అని బావమరిది వరండాలోకి వెళ్లి అక్కకు ఫోన్ చేశాడు. “పక్కనే నిలబడి చెప్పానక్కా. అయినా బావకి ఎక్కలేదు.”

“నువ్వేం చేస్తావురా తమ్ముడూ,” అని అక్క ఏడ్చింది. “అంతమందిలో నీ పరువు తీశాడు కదరా. ఇంటికి రానీ, ఆయన సంగతి నేను చూస్తా.”