భిలాయి అప్ప చెప్పిన మాట

మా చెల్లెలి బతుకును ఒక్క అబద్ధంతో పక్కదారి పట్టించాను. ఆ బరువు ఇన్నేళ్లూ నాతోనే ఉంది. పాలు కాస్తున్నప్పుడు ఉంది, గుళ్లో కళ్లు మూసుకున్నప్పుడు ఉంది, మా ఆయన పక్కన కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు ఉంది. ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే, చెప్పాల్సిన మనిషి వేరే ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర ఒక ఊరు. తొంభైల మొదట్లో పెళ్లయి భిలాయి వచ్చాను. మా వైపు భిలాయి అంటే ఊరి పేరు కాదు, ఉద్యోగం పేరు. "మా అల్లుడు భిలాయిలో ఉన్నాడు" అంటే ఇక ఎవరూ ఏమీ అడగరు. స్టీలు ప్లాంటు, పర్మనెంటు ఉద్యోగం, సెక్టారులో, అంటే ప్లాంటు కాలనీలో, క్వార్టరు, ఇంట్లోకే కుళాయి, అన్నీ ఆ ఒక్క మాటలోనే వచ్చేస్తాయి. నా సంబంధం తెచ్చినాయన అబద్ధమాడలేదు. కుర్రాడు భిలాయిలో పని చేస్తున్నాడన్నాడు. మిగతాదంతా మా నాన్న ఊహించుకున్నాడు. నేనూ ఊహించుకున్నాను.

దుర్గ్ స్టేషన్‌లో దిగి టెంపో ఎక్కాం. వెడల్పాటి రోడ్లు, వరసగా చెట్లు, అన్నీ ఒకేలాంటి క్వార్టర్లు. వీటిలో మాది ఏదో అని మెడ చాచి చూస్తూ కూర్చున్నాను. టెంపో వాటన్నిటినీ దాటేసి సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న జాముల్ వైపు తిరిగి ఒక బస్తీ ముందు ఆగింది. రేకుల కప్పు, ఒకటే గది, ముందు జానెడు వసారా. మా ఆయన ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, సిమెంటు బస్తాలు ఎత్తే కూలి. పనున్న రోజే కూలి. నేను ఏడుస్తుంటే ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మీవోళ్లకి తెల్సనుకున్నాను" అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు పాపం.

ఈ ఊరంటే నాకు ఇష్టమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆదివారం మా ఆయన సైకిలు వెనక కూర్చుని సెక్టార్ల వైపు వెళితే, ఆ నీడలో ప్రాణం హాయిగా ఉండేది. ఎవరివో కర్టెన్లు, ఎవరివో మల్లెపందిళ్లు, ఎవరి ఇంట్లోదో కుక్కరు కూత. అక్కడే దిగిపోయి ఏదో ఒక గేటు తీసుకుని లోపలికి వెళ్లిపోవాలనిపించేది. మళ్లీ జాముల్ చేరితే గిన్నెల మీద, దుప్పట్ల మీద, తులసి ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. బోరింగు దగ్గర ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు నా హిందీకి నవ్వేవారు. జ్వరమొస్తే వాళ్లే గంజి కాచి తెచ్చేవారు. అయినా వాళ్లను నేను లెక్కలోకి తీసుకోలేదు. నాకు కావలసిన ఊరు ఆ గేట్ల వెనక ఉంది, వీళ్ల దగ్గర కాదు. అంత కళ్లు నెత్తికెక్కిన దాన్ని.

మొదటిసారి పుట్టింటికి వెళ్లినప్పుడు వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరి క్వార్టరు ఎలా ఉంటుందని అడిగారు. లేదని చెప్పొచ్చు. ఎంతసేపు పడుతుంది? నాన్న అరుగు మీద కూర్చుని వింటున్నాడు, ఆయన ముఖంలో సంతోషం చూశాక నోరు రాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ ఆడవాళ్ల అసూయ నాకు తియ్యగా ఉంది. మొదలుపెట్టాక ఆగలేదు. రెండు గదులన్నాను, మల్లెపందిరన్నాను, వెనక జామచెట్టన్నాను. పైన పటారం, లోన లొటారం. ఎవరి కిటికీలోంచో చూసినవన్నీ నా ఇంట్లో పెట్టేసుకున్నాను.

అందరికంటే శ్రద్ధగా విన్నది మా చెల్లెలు నీలవేణి. మా వైపు అక్కను అప్ప అంటాం. "మా భిలాయి అప్ప" అని స్నేహితులకు చెప్పుకునేది. నేను చెప్పినవాటికి తను ఇంకొన్ని కలిపేది. మా అప్ప ఇంటి జామకాయలు లోపల ఎర్రగా ఉంటాయట అనేది. అవి నేను చెప్పలేదు.

ఆ తరవాత నాలుగైదేళ్లు నాన్నను రానివ్వకపోవడమే నా పనైంది. ఎండలన్నాను, ఆయనకు షిఫ్టులన్నాను, ఇంటికి సున్నాలు వేస్తున్నారన్నాను. మా ఆయన మా ఊరికి రావడమే మానేశాడు. ఇస్త్రీ బట్టలేసుకుని ఆ అరుగు మీద కూర్చోవడం తనవల్ల కాదన్నాడు. నాకు చేతనైన పని ఆయనకు చేతకాలేదు. అప్పట్లో అది ఆయన చేతకానితనమనే అనుకున్నాను.

సెక్టారులో తెలుగువాళ్ల గుడి ఒకటుంది. అక్కడ ఒక పెద్దావిడ పరిచయమైంది. విజయనగరం వైపు మనిషి. భర్త ప్లాంటులో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం కొడుకు సింహాచలానికి ఇచ్చారు. తల్లీ కొడుకూ క్వార్టర్లో ఉండేవారు. మేమెక్కడ ఉంటామో, మా ఆయన పనేమిటో వాళ్లకు తెలుసు. ఒకసారి నాకు జబ్బు చేస్తే సింహాచలం తల్లిని స్కూటరు మీద జాముల్ తీసుకొచ్చాడు. మా నులకమంచం మీద కూర్చుని, చిల్లుపడిన రేకు చూసి, వచ్చే ఆదివారం తారు తెచ్చి పూస్తానన్నాడు. తెచ్చి పూశాడు కూడా. మా ఆయన కంటే చిన్నవాడు, భయ్యా అని పిలిచేవాడు. టీ తప్ప ఇంకో అలవాటు లేని మనిషి.

ఒక శనివారం ఆ పెద్దావిడ నా చేతిలో ప్రసాదం పెడుతూ, మీ నీలవేణిని మావాడికి అడుగుతామమ్మా, మీ నాన్నగారికి కబురు పంపించాను అంది. నీలవేణి ఫోటో అంతకుముందు నా దగ్గరే చూసింది. నేను నవ్వాను.

నీలవేణి ఈ ఊరొస్తే నాన్న వస్తాడు, పెళ్లివాళ్లొస్తారు, మా వీధి ఆడవాళ్లు కూడా ఒక రైలెక్కి చూడ్డానికొస్తారు. పెద్దమ్మాయి ఇల్లెక్కడ అంటారు. ఏం చూపించను? ఎవరి క్వార్టర్లోనైనా వెనక గది అద్దెకు దొరుకుతుందేమో అని కొన్నాళ్లు తిరిగాను కూడా. మా ఆయనకు తెలియకుండా. అంత తిరిగినదాన్ని, నాన్నకు నిజం చెబుదామని ఒక్కసారి అనుకోలేదా? అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ ఆ అరుగు చుట్టూ చేరిన ఆడవాళ్ల ముఖాలు కనిపించేవి.

నాన్న రమ్మని కబురు చేశాడు. దుర్గ్‌లో బండెక్కాను. మా ఊరి బండి మారడానికి విజయనగరంలో దిగేసరికి ఏం చెప్పాలో తయారుగా ఉంది. నోరు జారిందని నేను చెప్పినా మీరు నమ్మకండి. మా చిన్నాన్న తాగి తాగి చనిపోయాడు. మా ఇంట్లో దేన్నైనా ఓర్చుకుంటారు, ఆ ఒక్కటి తప్ప. అది తెలిసే ఆ మాట ఏరుకున్నాను.

నాన్న అరుగు మీద కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఏటమ్మా, ఆ కుర్రోడు నీకు తెల్సినోడేనట గదా. ఎలాటోడు?"

"ఉజ్జోగం మంచిదే నాన్నా."

"ఉజ్జోగం సంగతి కాదే. మనిషెలాటోడని అడుగుతన్నాను."

"తాగుతాడు."

"ఎప్పుడైనానా, రోజూనా?"

"రోజూనే."

"నువ్వు కళ్లారా చూసేవా?"

"చూసేను."

"మరైతే వొద్దు" అన్నాడు. నా తలమీద చెయ్యి వేశాడు. "నువ్వక్కడున్నావు గాబట్టి సరిపోయింది. లేపోతే పిల్ల గొంతు కోసీసేవోళ్లం."

గుమ్మం లోపల నీలవేణి బియ్యం చెరుగుతోంది. అంతా వింది. మర్నాడు నాతో బట్టలు ఉతుకుతూ, తనకా కుర్రాడి మీద ఆశేమీ లేదని, అప్ప ఉన్న ఊళ్లో ఉండొచ్చనే ఒప్పుకుందామనుకున్నానని చెప్పింది. తన మంచి కోరి చెప్పానని, బెంగపెట్టుకోవద్దని నన్నే ఓదార్చింది. నేను బట్ట పిండుతూనే ఉన్నాను. అప్పటికైనా చెప్పి ఉండొచ్చు కదా? కబురింకా గడప దాటలేదు. చెప్పలేదు.

వాళ్లకు జాతకాలు కలవలేదని కబురు పంపారు. మా ఆయన, "జాతకాలేటి, బంగారం లాటి కుర్రోడు. మీ నాన్నకి మతి గానీ పోయిందా?" అని వారం రోజులు బాధపడ్డాడు. అవునన్నాను. నాన్న మీదకు తోసేసి చేతులు దులుపుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది తలచుకుంటే నాకు నా మీద ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి. ఆ చలికాలమే నాన్న చెప్పకుండా వచ్చేశాడు. ఎవరినో అడిగి చిరునామా పట్టుకుని, ఒక సంచిలో బెల్లం, జీడిపప్పు పెట్టుకుని జాముల్ బస్తీలో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను బోరింగు దగ్గర్నుంచి బిందె ఎత్తుకుని వస్తున్నాను. నాన్న గదిని చూశాడు, రేకులు చూశాడు, నన్ను చూశాడు. బిందె అందుకుని దింపాడు. "గాలి బాగానే వస్తన్నాది గదమ్మా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. మూడు రోజులున్నాడు. బోరింగు దగ్గర ఆడవాళ్లతో చేతి సైగలతో కబుర్లు చెప్పాడు. అల్లుడితో కలిసి పనిదాకా నడిచి వెళ్లి చూసి వచ్చాడు. కూలి పని చేసే అల్లుణ్ణి చూసి ఆయన తల దించుకుంటాడని నేను భయపడితే, ఆయన అల్లుడి భుజాలు చూసి మురిసిపోయాడు.

ఏ పరువు కోసం నా చెల్లెల్ని బలిపెట్టానో, ఆ పరువు నాన్నకు అక్కర్లేనే లేదు.

వెళ్లే ముందు గుడికి తీసుకెళ్లాను. తీసుకెళ్లకపోతే అనుమానమొస్తుందని. అక్కడ ఆ పెద్దావిడ, సింహాచలం, అతని కొత్త పెళ్లాం. అతను వంగి నాన్న కాళ్లకు దణ్ణం పెట్టాడు. నాన్న అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. అరచెయ్యి అతని భుజం మీదే ఉంచి చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. దారిలో ఏమీ అనలేదు, రైలెక్కేటప్పుడూ అనలేదు. ఆయనకు తెలిసిపోయిందా? తెలిసే, నన్ను పోగొట్టుకోకూడదని ఊరుకున్నాడా? అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

నీలవేణిని ఆ మరుసటి ఏడు మా పక్క ఊరి కుర్రాడికి ఇచ్చారు. అతను మేస్త్రి పనికి మద్రాసు వెళ్లేవాడు, తననూ తీసుకెళ్లాడు. కడుతున్న మేడల పక్కన రేకుల షెడ్లలో కాపురం. నేను ఏ బతుకును దాచుకోవడానికి అంత చేశానో, ఆ బతుకే దానికి వచ్చింది. అది దాచలేదు. ఊరొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని, వానొస్తే గిన్నెలు తేలిపోతాయని నవ్వుతూ చెప్పేది. వినేవాళ్లూ నవ్వేవారు. ఎవరూ దాన్ని తక్కువగా చూడలేదు. ఒక్కటి మాత్రం నవ్వుతూ చెప్పేది కాదు. భర్త తాగుతాడు. కథలా ఉందని మీకనిపించొచ్చు. మా వైపు నుంచి కూలికి వెళ్లేవాళ్లలో తాగనివాణ్ణి పట్టుకోవడమే కష్టం, అందులో వింతేమీ లేదు. నాకు మాత్రం ఆ తాగుబోతును నేనే వెతికి ఇచ్చినట్టుంటుంది.

మా ఆయన తరవాత వెల్డింగు నేర్చుకుని సొంత షాపు పెట్టాడు. ఇప్పుడు భిలాయిలోనే వైశాలి నగర్లో రెండు గదుల ఇల్లుంది మాకు. పోయిన చలికాలం నీలవేణి మొదటిసారి భిలాయి వచ్చింది. సెక్టార్ల వైపు తీసుకెళితే చిన్నపిల్లలా అన్నీ చూసింది. జుట్టు నాకంటే ముందే నెరిసింది దానికి. ఒక క్వార్టరు గేటు దగ్గర ఆగి, కమ్మీ మీద చెయ్యి ఆన్చి, ఊపిరి తీసుకుని అడిగింది.

"అప్పా, నాన్న వొద్దన్నాడే, ఆ భిలాయి కుర్రోడు... తాగుడు మానేసేడా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆడి పెళ్లాం గుర్తొస్తాదే నాకు. ఎలా వేగుతోందో పాపం అనుకుంటాను."

దాని గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ముఖం కూడా చూడని ఒక ఆడదాని కోసం ఇన్నేళ్లు జాలిపడింది.

"మానేసేడు" అన్నాను.

"పోన్లే" అంది. "ఆ పిల్ల అదృష్టవంతురాలు."

ఆ క్షణమైనా చెప్పలేకపోయాను. ఈసారి నాన్న పరువు లేదు, అరుగు మీద ఆడవాళ్లు లేరు, దాచడానికి రేకుల ఇల్లూ లేదు. అది నన్ను అసహ్యించుకుంటుందేమోనన్న భయం ఒక్కటే మిగిలింది. అసహ్యించుకోవడం దాని హక్కు. ఆ హక్కు కూడా నేనే అట్టేపెట్టుకున్నాను. పది రోజులుండి వెళ్లిపోయింది.

మీరు నన్ను క్షమించక్కర్లేదు. అది మీరు చేయగలిగిన పని కాదు. చదువుతున్నారు, అంతే చాలు. ఇంతవరకూ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనని మాట ఒకటి ఉంది. ఇప్పుడు రాస్తుంటే గుండె మీద ఏదో కాస్త కదిలినట్టుంది.

సింహాచలం తాగేవాడు కాదే నీలూ. నేనేమీ చూడలేదు.